సనదు లేని ఉస్తాదు

 

2025 మే నెలలో విజయనగరంలో ఒక యువకుణ్ణి, హైదరాబాదులో మరొకణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. పేలుళ్లకు పథకం వేశారన్నది అభియోగం. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. అయితే అరకు ఘాట్ దిగి శృంగవరపుకోట దాటితే వచ్చేది ఆ విజయనగరమే. అది పట్నంవారి వ్యవహారమని కొండమీద ఉన్న మనం ఊరుకోజాలము. ఫోను ఇక్కడి పిల్లల చేతిలోనూ ఉన్నది.

హదీసు వినిపించేవానిని ఉలమా మొదట అడిగే ప్రశ్న: నీవు ఎవరి వద్ద విన్నావు? అతడు ఎవరి వద్ద విన్నాడు? ఆ గొలుసే సనదు. మరి అర్ధరాత్రి ఫోనులో జిహాద్ బోధించేవానికి పేరు లేదు, ఊరు లేదు, ఉస్తాదు లేడు. దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి చూడమని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఇక్కడ తెచ్చినవాడు ఎవడో కూడా తెలియదు!

అతడు మొదట గాజా పసిపిల్లల చిత్రాలు చూపుతాడు. ఆ దుఃఖం న్యాయమైనదే, దానిని నేను తప్పుపట్టను. తరువాత రహస్య గ్రూపులో చేరుస్తాడు. ఆపై, మీ ఇమాము పిరికివాడు, మీ నాన్నకు దీన్ తెలియదు, ఎవరికీ చెప్పవద్దు అంటాడు. ఈ 'చెప్పవద్దు' అన్నచోటే మోసం ఉన్నది. ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని 2008 ఫిబ్రవరిలో దేవబంద్‌లో ఉలమా బహిరంగ సభలోనే ప్రకటించారు, చాటున గుసగుసలాడలేదు.

తల్లిదండ్రులారా! 2014లో సిరియా బయలుదేరిన తెలంగాణ కుర్రవాళ్లు కొందరిని కోల్‌కతాలో ఆపి, నచ్చజెప్పి, ఇళ్లకు అప్పగించారు. వారిలో ఒకడు 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో మళ్లీ పట్టుబడ్డాడు. ఒకనాటి మందలింపు చాలదని దీనివలన తెలుస్తున్నది. ఫోను లాక్కుంటే మరొక ఫోను దొరుకుతుంది. పోలీసుల భయంతో, పరువు భయంతో ఇంట్లోనే దాచిపెట్టితే, ఆ బిడ్డతో మాట్లాడేవాడు ఆ ఫోనులోనివాడు ఒక్కడే మిగులుతాడు.

కుర్రవాణ్ణి నావద్దకు తీసుకురండి. కోపంగా వాదించినా, నన్ను పిరికివాడని అన్నా సరే. రోజూ ఇషా తరువాత మస్జిదులోనే ఉంటాను. ఒక రోజు కాదు, నెలలు పట్టినా కూర్చుంటాను.

ఇక సున్నతులు చదువుకోండి. అరబీ ఖుత్బాకు వేళయింది.