పదవి యెవరిది? ఆజ్ఞ యెవరిది?



రాజకీయపక్షమనగానే మనకు సభలు, జెండాలు, ఊరేగింపులు స్ఫురించును. కార్యాలయమున రశీదుపుస్తకముల ముందు గూర్చుండు గుమాస్తా స్ఫురింపడు. ఐనను ఆ గుమాస్తా యెవరి యుత్తరువునకు బద్ధుడో తేలని పక్షము చిరకాలము నిలువజాలదని మా యభిప్రాయము.

కాంగ్రెసు చరిత్రమునే చూడుడు. 1920లో నాగపురమున నంగీకరింపబడిన నిబంధనావళి దేశమును భాషలనుబట్టి 21 కాంగ్రెసు రాష్ట్రములుగా విభజించెను. క్రిందిసంఘములనుండి అఖిలభారత సంఘమువరకు మెట్లవరుస నేర్పరచెను. నిత్యవ్యవహారములకు 15 మందితో కార్యనిర్వాహకసంఘ మేర్పడెను. మరుసటియేడు మార్చి నెలాఖరున బెజవాడలో కూడిన అఖిలభారత సంఘము కోటిమంది సభ్యులను, కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధిని, 20 లక్షల రాట్నములను సమకూర్పవలెనని తీర్మానించెను. కోటి యనుట సులభమే. నాలుగణాల చందా పుచ్చుకొని, పేరు వ్రాసికొని, లెక్కను పైసంఘమునకు బంపువారు కావలయును గదా! నిధి గడువులోపలనే చేరినదనగా, అట్టివారు ఊరూర నుండిరన్నమాట.

చిక్కు క్రిందిమెట్లయందు గాక పైమెట్టుననే కలిగెను. 1939 జనవరిలో సుభాష్ చంద్రబోసుగారు 1580 వోట్లతో అధ్యక్షులుగా నెన్నికైరి. మన పట్టాభి సీతారామయ్యగారికి 1377 వచ్చెను. మార్చిలో త్రిపురి మహాసభయందు గోవింద వల్లభ పంతుగారి తీర్మానము నెగ్గెను: అధ్యక్షుడు తన కార్యనిర్వాహకసంఘమును గాంధీమహాత్ముని యభీష్టానుసారముగా నియమింపవలయునట! మహాత్ముడో, 1934లోనే కాంగ్రెసు సభ్యత్వమును వదలుకొన్నవారు. పేర్లు చెప్పుటకు వారును సమ్మతింపలేదు. ఏప్రిలు 29వ తేదీన కలకత్తాలో బోసుగారు రాజీనామా యిచ్చిరి. బోసుగారి విధానము మంచిదా కాదా యను చర్చ వేరు. మేమిక్కడ దానిని ముట్టము. బాధ్యత నొకరిపై నుంచి, తోడివారిని నియమించుకొను స్వేచ్ఛను మరియొకరి చేతిలో బెట్టినచో ఎంతటివానికైనను పని సాగదు.

స్వరాజ్యము వచ్చినపిదప తగవు రూపు మారెను. పండ్రెండేండ్లు ప్రధానకార్యదర్శిగా నుండి అధ్యక్షులైన ఆచార్య కృపలానీగారు, ముఖ్యవిషయములందు ప్రభుత్వము తమ్ము సంప్రదించుట లేదని 1947 నవంబరులో పదవిని విడిచిరి. 1950లో పురుషోత్తమదాస్ టండనుగారు అదే కృపలానీగారిని 1092కు 1306 వోట్లతో నోడించి యధ్యక్షులైరి. వారి కార్యనిర్వాహకసంఘపు కూర్పు నచ్చక, ప్రధానమంత్రి నెహ్రూగారు 1951 ఆగస్టులో దానినుండి తొలగిరి. సెప్టెంబరులో టండనుగారే తప్పుకొనిరి. నెహ్రూగారు రెండు పదవులను తామే వహించిరి. పదవులు రెండు నొక్కరివే యైనచోట తగవుండదు, తనిఖీయు నుండదు.

మంత్రులు శాసనసభకు బాధ్యులు, పక్షాధ్యక్షుని యాజ్ఞలకు లోబడరాదని కొందరందురు. ప్రభుత్వపు ఫైళ్లవిషయమున నిది నిజమే. కాని పక్షపు కార్యదర్శిని నియమించుట, పక్షనిధిని ఖర్చుచేయుట, అభ్యర్థిని నిలుపుట ఇవి పక్షపు పనులు. వీనియందు మంత్రిగారి టెలిఫోను మాట సంఘపు తీర్మానముకంటె నెక్కువగా జెల్లినచో ఎన్నికైన సంఘ మెందులకు?

మీ పట్టణమున నేపక్షపు కార్యాలయమున్నను రేపు పోయి, అందలి కార్యదర్శిని “మిమ్ము నియమించినవా రెవరు? తొలగింపగలవా రెవరు?” అని యడుగుడు. రెంటికి నొకేపేరు చెప్పినయెడల, ఆ పేరు నిబంధనావళిలో నున్నదో లేదో పుస్తకము తెప్పించి చూడుడు.