వేషం వేయించిన వారెవరు?

(మార్కాపురం తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

2025 ఆగస్టు 15న గుజరాత్‌లోని భావనగర్‌లో ఒక మునిసిపల్ పాఠశాల స్వాతంత్ర్య దినోత్సవ నాటికను ప్రదర్శించింది. అందులో ఉగ్రవాదుల పాత్రలు ధరించిన బాలికలకు నల్లని బురఖాలు తొడిగారు. ఆ దృశ్యం చూసి ముస్లింలు ఆగ్రహించారు. ఆ ఆగ్రహం న్యాయమైనదే. తన తల్లి నిత్యం ధరించే వస్త్రమే వేదిక మీద హంతకుల గుర్తుగా కనిపిస్తే, ఎదుటి వరుసలో కూర్చున్న మన బిడ్డ తోటివారితో కలిసి చప్పట్లు కొట్టాలా, తల దించుకోవాలా? ఏడెనిమిదేళ్ల వయసులో ఆ సంగతి ఒంటరిగా తేల్చుకోవలసి రావడమే ఆ బిడ్డకు జరిగిన అన్యాయం.

అయితే ఆ కోపం ఎవరి మీదికి వెళ్లాలి? 2013లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, హాలోవీన్ పండుగకు ఒక తల్లి తన ఏడేళ్ల కుమారునికి కు క్లక్స్ క్లాన్ తెల్ల ముసుగు వేసింది. పిల్లలు రకరకాల వేషాలతో ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడిగే పండుగ అది. ఆ ముసుగేమో నల్లజాతి వారిని చంపి చెట్లకు వేలాడదీసిన ముఠాది. జనం భగ్గుమన్నారు. ఆ ముసుగు వెనుకనున్న చరిత్ర ఏడేళ్ల పసివాడికి ఏం తెలుసు?

మనకు దగ్గరలోని బీదర్ సంగతి చూడండి. 2020 జనవరిలో షాహీన్ పాఠశాల పిల్లలు పౌరసత్వ సవరణ చట్టంపై నాటిక వేస్తే రాజద్రోహం కేసు పెట్టారు. ప్రధానోపాధ్యాయురాలు, ఒక విద్యార్థిని తల్లి జైలుకు వెళ్లారు. పోలీసులు పలుమార్లు బడికి వచ్చి పిల్లలను ప్రశ్నించారు. యూనిఫాంలో, ఆయుధాలతో వచ్చి ప్రశ్నించడం బాలల హక్కుల ఉల్లంఘనేనని కర్ణాటక హైకోర్టు 2021లో వ్యాఖ్యానించింది. 2023 జూన్‌లో కేసునే కొట్టివేసింది. పెద్దల ఆగ్రహం పిల్లల మీదికి దిగితే ఏమవుతుందో బీదర్ తల్లులు చూశారు. అందుచేత రేపు మన ఊళ్లో ఏ బాలుడైనా అతికించిన గడ్డం, టోపీ, బొమ్మ తుపాకితో వేదిక ఎక్కితే ఆ ఫోటోను వాట్సాప్‌లో తిప్పకండి. ఆ బిడ్డ పేరు ఎక్కడా రాయకండి. ఆ వేషానికి అనుమతి ఇచ్చిన పెద్దలను అడగండి.

వేషాలు మనకు కొత్తవి కావు. పీర్ల పండుగలో పులివేషాలు కట్టేవారిలో హిందూ సోదరులు ఎందరో ఉన్నారు. ఆ వేషం ఎవరినీ వేలెత్తి చూపదు గనుక ఎవరూ నొచ్చుకోరు.

ఇంకొక మాట, వినడానికి కొంత చేదుగా ఉండవచ్చు. పిల్లలకు మసి పూసి, ఆకులు చుట్టి, విల్లు చేతికిచ్చి ‘అడవి మనిషి’ని చేయడం అన్ని ఇళ్లలోనూ ఉన్నది, మన ఇళ్లు మినహాయింపు కావు. నల్లమల చెంచుల బిడ్డ కూడా అదే బడిలో చదువుతూ ఉండవచ్చు గదా! మన మనసులకొక కొలత, వారి మనసులకొక కొలత ఉండరాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ విద్యార్థులను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ సమావేశాలకు మనలో ఎందరు వెళ్తున్నారు? ఆగస్టు, నవంబరు వేడుకలకు నెల ముందే వేషాల జాబితా చూపమని కమిటీలో కోరండి. అందులో ‘ఉగ్రవాది’ ఉంటే, ఆ పాత్రకు ఏ దుస్తులు వేయబోతున్నారో అడిగి తెలుసుకోండి. ప్రైవేటు బడి అయితే నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయునికి అర్జీ రాసి ఇవ్వండి. అందినట్లు నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. జవాబు రాకపోతే ఆ నకలుతోనే మండల విద్యాశాఖాధికారి వద్దకు వెళ్లవచ్చు.