కంకర బాటపై సైకిలు ప్రయాణము

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి సంఘము పక్షమున చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు చదువును గూర్చియో, మాతృభాషను గూర్చియో మాటలాడుట వాడుక. మేము నేడు సైకిలును గూర్చి మాటలాడ దలచితిమి. ఇదియేమి విడ్డూరమని కొందఱకు తోచవచ్చును. కాని తుదివఱకు వినినచో, ఇదియు మన భాషకును, మన బడికిని సంబంధించిన మాటయేయని తమకే బోధపడగలదు.

మన హోసూరు, డెంకణికోట ప్రాంతములలో తెలుగు నేర్పు బడి యింటిప్రక్కనే యుండు భాగ్యము అందఱకును లేదు. పిల్లలను చేర్పింపుడని మేము ఇంటింటికి పోయినపుడు, "పంపవలెననియే యున్నదండీ. కాని నడుమ ఆ పెద్దరోడ్డున్నది. లారీలు క్షణమైనను తెఱపి నీయవు. పిల్లను సైకిలుమీద ఎట్లు పంపుదుము?" అని తల్లులు అడిగిరి. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది. మన రాష్ట్ర ప్రభుత్వము 11వ తరగతి విద్యార్థులకు ఉచితముగ నిచ్చు సైకిళ్ళు సయితము కొన్ని యిండ్ల చూరుక్రింద త్రుప్పుపట్టుట మేము చూచితిమి. సైకిలున్నది, పిల్లల కాళ్ళలో సత్తువ యున్నది. లేనిది నిర్భయమైన బాట.

ఇట్టి బాటను ఒక కొండసీమ ప్రజలు ఎట్లు సమకూర్చుకొనిరో విన్నవించెదము. న్యూజీలాండు దేశపు దక్షిణద్వీపమున ఒటాగో యను ప్రాంతము కలదు. 1861లో అచట బంగారము దొరకగా జనము తండోపతండములుగ వచ్చిరి. పిదప బంగారము తగ్గి, గొఱ్ఱెల పెంపకమే ముఖ్యవృత్తియైనది. కొండలనడుమ నున్న పల్లెలకు రైలుమార్గము వేయుట 1879లో ఆరంభమై, 1907 నాటికి క్లైడ్ అను ఊరు చేరినది. పిమ్మట రోడ్లపై లారీలు పెరిగి, రైలుకు పని తగ్గినది. 1990లో మిడిల్‌మార్చ్, క్లైడ్ ఊళ్ళ నడుమ రైలు నిలిచిపోయినది. పట్టాలు పెఱికివేసిరి. ఆ పల్లెల గతి యేమగునో యని అందఱును దిగులుపడిరి.

1993లో ఆ మార్గమును ప్రభుత్వ ప్రకృతిసంరక్షణ శాఖ స్వీకరించి, నడచువారికిని, సైకిలువారికిని, గుఱ్ఱపురౌతులకును బాటగా మార్ప సంకల్పించినది. తమ పొలముల నడుమ క్రొత్తవారు తిరుగుదురని, గొఱ్ఱెలు బెదరునని రైతులలో కొందఱు అభ్యంతరము చెప్పిరి. అయినను స్థానికులు ఒక ధర్మనిధి నేర్పఱచి ధనము కూడబెట్టిరి. రైలుకై పోసిన పెద్దకంకరపై సైకిలు సాగదు గనుక సన్నకంకర పఱచి గట్టిచేసిరి. 60కి పైగా వంతెనలపై పలకలు వేసి, ప్రక్కల కమ్ములు కట్టిరి. 2000 సంవత్సరమున 152 కిలోమీటర్ల బాట సంపూర్ణమైనది.

ఆ బాటపై మోటారు వాహనములు సాగవు. దానిని పూర్తిగ దాటుటకు సామాన్యులకు మూడు మొదలు అయిదు దినములు పట్టును. పూల్‌బర్న్ కనుమలో సుమారు 200 మీటర్ల నిడివిగల సొరంగములు రెండు కలవు. లోపల దీపములు లేవు గనుక టార్చిలైటు చేతబట్టుకొని పోవలెను. ఏటేట వేలకొలది జనము వచ్చుచుండుటచే పల్లెలలోని పాతయిండ్లు బసలైనవి, ఫలహారశాలలు వెలసినవి. అభ్యంతరము చెప్పినవారిలోనే పలువురు పిమ్మట ఆ బాటకు మిత్రులైరి.

కొండసీమలో పిల్లలు, వృద్ధులు సైకిలు త్రొక్కగలరా యని సందేహము కలుగవచ్చును. ఇనుపచక్రము ఇనుపపట్టాపై జాఱును గనుక రైలుమార్గము నిటారుగ ఎక్కరాదు. ఈ బాటలో ఎంతటి యెత్తైనను 50 అడుగులకు ఒక్క అడుగుకు మించదు. 40 కిలోల పిల్లవాడు 20 కిలోల సైకిలుపై నున్నాడనుకొందము. ఈ వాలులో వానిని వెనుకకు లాగు బరువు కిలో పావుకన్న తక్కువ. 12 అడుగులకు ఒక అడుగు లేచు దారిలో అది 5 కిలోలగును. కనుక బాట నెన్నుకొనునపుడు దూరముకన్న వాలును ముందు చూడవలెను. చుట్టుదారియైనను సమమైనదే పిల్లలకు దగ్గరిదారి.

కంకర బాటకు విలువైన క్రొత్త సైకిలు కావలెనని భ్రమపడవలదు. నేడు అట్టి దారులకై ప్రత్యేకముగ చేయు సైకిళ్ళకు 35 మొదలు 50 మిల్లీమీటర్ల వెడల్పుగల టైర్లు వేయుచున్నారు. మన తాతలనాటి నల్లసైకిలు టైరు అంగుళమున్నర, అనగా 38 మిల్లీమీటర్లు! పాలకావళ్ళు, గడ్డిమోపులు మోసిన ఆ సైకిలు మట్టిదారుల కొఱకే పుట్టినది. అయితే పల్లములో దిగునపుడు ముందుబ్రేకును ఒక్కసారి బిగించినచో కంకరపై చక్రము జాఱును. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను. వెనుకబ్రేకును మెల్లగ నొక్కుచు, శరీరపు బరువును కొంచెము వెనుకకు నిలుపవలెను. వానలో తడిసిన బ్రేకులు ఆలస్యముగ పట్టునని పిల్లలకు ముందే నేర్పవలెను.

మనకు అట్టి బాట లేదు. కాని చెఱువు కట్టలున్నవి, రాగిచేల నడుమ బండిదారులున్నవి. లారీ ఎఱుగని ఆ దారులను మన పెద్దలు ఎఱుగుదురు. పిల్లలే ఎఱుగరు. అందుచే సంఘము పక్షమున మా ప్రార్థన యిది. ప్రతి ఊరినుండి ఇద్దఱు పెద్దలు ముందుకు రావలెను. వారు ఉపాధ్యాయులతో కలిసి, తమ ఊరినుండి బడికి పెద్దరోడ్డు తగులనిదియో, ఒక్కచోట మాత్రమే దాటవలసినదియో యగు దారిని వెదకవలెను. ఆ దాటుచోట ఉదయము, సాయంకాలము ఒక పెద్ద నిలువవలెను. పిల్లలు ఒంటరిగ గాక గుంపుగ రావలెను. అడవి దారులను మాత్రము ముట్టవలదు. మన యడవులలో ఏనుగులు తిరుగును. దగ్గరియని ఆశపడి అటు పోనిచ్చుట తగదు.

గుంతలు పూడ్చుటకు పంచాయతీకి అర్జీ పెట్టుకొనవచ్చును. అంతవఱకు నెలకొక ఆదివారము మనమే పార, తట్ట పట్టుకొని కదలినచో తప్పులేదు. ఒటాగో ప్రజలు పోయిన రైలుకై విలపించుచు కూర్చుండలేదు. మిగిలిన కట్టనే బాటగా మలచుకొనిరి. మనముకూడ బడి దూరమైనదని విలపించుటకన్న, ఆ దూరమును పిల్లలు నిర్భయముగ దాటునట్లు చేయుట మేలు. బడికి దారి మూసికొనిపోయిన యింట, తెలుగు చదువునకును తలుపు మూసికొనిపోవును.

వచ్చు వార్షికోత్సవము నాటికి ఈ బడి ఆవరణలో సైకిళ్ళు నిలుపుటకు చోటు చాలలేదని ప్రధానోపాధ్యాయులు మాకు ఫిర్యాదు చేయవలెనని కోరుచున్నాము.