కనబడని రాయి: గోదావరి డెల్టాలో భూగర్భశాస్త్రవేత్త పని

(అధ్యక్షోపన్యాసం)

ధవళేశ్వరం దాటాక గోదావరికి దిగువన రాయి కనబడదు. కొండలు ఆనకట్ట దగ్గరే ఆగిపోతాయి. అక్కడి నుంచి సముద్రం దాకా ఒండ్రు, ఇసుక, చౌడు, పర్ర. కోనసీమలో ఇంటి పునాదికి కావలసిన రాయి కూడా లారీ మీద రావలసిందే. భూగర్భశాస్త్రవేత్త అనగానే సుత్తి పట్టుకుని కొండలెక్కే మనిషి గుర్తుకొస్తాడు గాని, ఆంధ్రదేశంలో ఆ శాస్త్రానికి ఎంతో పని పెట్టిన నేలల్లో రాయి కనబడని ఈ డెల్టా ఒకటి. ఆ వృత్తి స్వభావం కూడా ఇక్కడే బాగా తెలుస్తుంది. కంటికి ఆనని దాన్ని గుప్పెడు ఆనవాళ్ళతో పోల్చుకోవాలి. ఆ పోలిక ఎంతవరకు నమ్మదగినదో తానే తూచి చెప్పాలి. రెండో పని మొదటిదానికంటే కష్టం.

జియాలజిస్టు అన్న ఒక్క మాట కింద ఇప్పుడు చాలా వృత్తులున్నాయి. రాళ్ళ పుట్టుకను, వరుసను చదివేది భూగర్భశాస్త్రం. నేలలోకి ప్రకంపనలనో కరెంటునో పంపి, తిరిగొచ్చిన జవాబును బట్టి లోపలి అమరికను లెక్కగట్టేది భూభౌతికశాస్త్రం. రాతిలోని, నీటిలోని మూలకాలను తూచేది భూరసాయనం. ఊటనీటి రాకపోకలు చూసేది జలభూగర్భశాస్త్రం. చదువులో ఇవి వేరువేరు శాఖలు. పనిలోకి దిగాక మాత్రం ఒకరి లెక్క మరొకరికి అక్కరకు రాని రోజు ఉండదు.

చూపు పదును పడేది రాయి కనబడే చోటే. రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులోను, గోదావరి అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోను నల్లరాయి ఉంది. రోడ్డు కంకరగా అందరికీ తెలిసిన ఆ రాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. పడమటి దక్కను లావా ప్రాచీన నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. లావా పొరల నడుమ సున్నపురాతి పొర ఒకటుంది, అందులో ఆల్చిప్పలు, నత్తగుల్లలు. 1830లలో ఈ దారిన వెళ్ళిన బెంజా అనే వైద్యుడు వాటిని గమనించి రాశాడు. ఒక లావా చల్లారి మరొకటి వచ్చేలోగా ఇక్కడ ఉప్పునీరు నిలిచిందనడానికి ఆ గుల్లలే సాక్ష్యం. రాక్షసబల్లులు అంతరించిన కాలానికి ఈ పొరలు దగ్గరివి కావడంతో దేశదేశాల పరిశోధకులు ఈ క్వారీలకు వస్తూ ఉంటారు.

క్వారీ అంచున నేర్చుకునే విద్య పైకి చిన్నది. ఏ పొర ఏ పొర మీద ఉంది, ఎటు వాలింది, ఎంత మందం, ఎక్కడ తెగింది. ఇవి దిక్సూచితో కొలిచి, భూతద్దంతో చూసి, అక్కడికక్కడే నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాయాలి. చూసింది ఒకచోట, అనుకున్నది ఒకచోట విడిగా ఉండాలి. క్రషరు ఎవరి కోసమూ ఆగదు కనుక ఇవాళ చూసిన రాతిగోడ మరుసటి ఏడాది ఏదో రోడ్డు కింద ఉంటుంది, మిగిలేది నోటుపుస్తకమే. విలియం కింగ్ గోదావరి జిల్లా తీరప్రాంతం మీద రాసిన నివేదిక 1880 నాటిది. సింగరేణి బొగ్గు ఆచూకీ తెలిపిన మనిషి ఆయనే. ఆయన నివేదికలు ఇప్పటికీ తిరగేస్తున్నారంటే అందుకు ఆయన సిద్ధాంతాలు కారణం కాదు, చూసినదాన్ని చూసినట్టు రాయడం.

డెల్టా కింద ఏముందో తెలియడం 1970ల చివర నరసాపురంలో అన్వేషణ బావి తవ్విన తర్వాత మొదలైంది. 1983లో రాజోలులో గ్యాసు దొరికింది. ఆ తర్వాత రాజమండ్రి ఓఎన్‌జీసీకి పెద్ద స్థావరమైంది. బావుల లెక్కలు, ప్రకంపన సర్వేలు కలిపి చూస్తే చదునైన వరిచేల కింద చదునైనదేమీ లేదని తేలింది. అంటార్కిటికా నుంచి భారతదేశం విడివడిన కాలంలో నేల చీలి, దిగబడిన లోయలు, మిగిలిపోయిన గట్లు ఏర్పడ్డాయి. తణుకు కింద అలాంటి గట్టు ఉంది, దానికి తణుకు పేరే పెట్టారు. లోయల్లో కొన్ని కిలోమీటర్ల మందాన మట్టి, ఇసుక పేరుకుని రాయిగా మారాయి.

ఆ రాతిపొరల పేర్లు సాహిత్యసభలో ఒకసారి చదవదగ్గవి: మండపేట ఇసుకరాయి, రాఘవాపురం షేలు, రాజోలు లావా, పాలకొల్లు షేలు, పాశర్లపూడి పొర, భీమనపల్లి సున్నపురాయి, వడపర్రు షేలు, మత్స్యపురి ఇసుకరాయి, నరసాపురం బంకరాయి. మండపేట రాయి వయసు ఇరవై కోట్ల ఏళ్ళు దాటింది. ఏ దేశపు చమురు శాస్త్రవేత్త అయినా ఈ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గురించి మాట్లాడాలంటే గోదావరి జిల్లాల ఊళ్ళ పేర్లు నోరారా పలకవలసిందే. ఆ ఊళ్ళలో ఉండే చాలామందికి మాత్రం తమ ఊరు భూగర్భంలోనూ ఉన్న సంగతి తెలియదు.

రిగ్గు మీద జియాలజిస్టుకు రాయి గోరంత ముక్కలుగా అందుతుంది. బావిలో తిరిగే బురద ఆ ముక్కలను పైకి మోసుకొస్తుంది. కొన్ని మీటర్లకొకసారి నమూనా పట్టి, కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి రాతి జాతి, రేణువు సైజు, చమురు జాడ రాసుకోవాలి. లోతైన బావిలో ముక్క పైకి రావడానికి గంటకు పైగా పట్టవచ్చు. అంటే ఇప్పుడు చేతిలో ఉన్న రాయి ఇప్పుడు తవ్వుతున్న లోతుది కాదు. ఈ ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేయడం మరిస్తే పొర అంతా తప్పు లోతులో పడుతుంది. కొత్తగా చేరినవారు మొదటి నెలలో చేసే తప్పు ఇదే.

అదే బురదకు మరో పని కూడా ఉంది. దాని బరువే లోపలి గ్యాసును అణచి ఉంచుతుంది. పలచనైతే గ్యాసు బావిలోకి చొరబడుతుంది, మరీ బరువెక్కితే రాయి పగిలి బురద అందులోకి పారిపోతుంది. ఈ బేసిన్‌లో కొన్ని షేలు పొరల్లో ఒత్తిడి ఆ లోతుకు ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ. అందుకే తొట్టిలో బురద మట్టం అకారణంగా పెరిగినా, బిట్టు ఉన్నట్టుండి వేగంగా దిగినా చూసినవాడు చూసిన క్షణాన కేక వేయాలి. పైవాడు ఏమనుకుంటాడో అని ఆగే స్వభావం ఈ ఉద్యోగానికి పనికిరాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బ్లోఅవుట్, అంటే బావిలోంచి గ్యాసు అదుపు తప్పి ఎగజిమ్మడం, మొదలైంది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. భూమి లోపలి ఒత్తిడి అంటే ఏమిటో కోనసీమకు పాఠ్యపుస్తకం అవసరం లేకుండా తెలిసింది.

అంచనా వేయడం వేరు, అంచనాకు హద్దులు చెప్పడం వేరు. కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలోని కేజీ-డి6 బ్లాకులో 2002లో గ్యాసు కనుగొన్నారు, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్ళిన ఉత్పత్తి, తర్వాతి ఏళ్ళలో ముందు వేసిన లెక్కలకు అందనంత కిందికి దిగింది. కారణాల మీద వాదాలు చాలా నడిచాయి. వృత్తివరకు గ్రహించవలసింది ఒక్కటి. సముద్రం అడుగున ప్రాచీన నదీపాయలు నింపిన ఇసుక ఎక్కడ కలిసి ఉందో, ఎక్కడ విడిపోయిందో పదుల కొద్దీ బావులు, గొప్ప కంప్యూటర్లు ఉన్నా పూర్తిగా తెలియదు. ‘ఇంత ఉంది’ అనే మాటకంటే ‘ఇంతకు తగ్గకుండా, అంతకు మించకుండా ఉండవచ్చు’ అనేదే జియాలజిస్టు మాట. మంత్రులకు, మదుపరులకు అది రుచించదు. అయినా చెప్పాలి.

చమురు గొప్పదే గాని, పల్లెవాసికి దగ్గరి శాస్త్రం నీటిది. తీరగ్రామాల్లో పాత సముద్రపు ఒడ్డుల గుర్తులైన ఇసుక దిబ్బల మీది బావి తియ్యగా ఉంటుంది, పక్క పల్లంలో బోరు ఉప్పగా పడుతుంది. దిబ్బలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి మీద తేలి నిలవడమే కారణం. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకెక్కుతుంది. బోరుకు చోటు చూడడానికి నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలుస్తారు. ఇక్కడే డెల్టా మోసం చేస్తుంది. ఉప్పునీటితో నిండిన ఇసుక, బంకమట్టి, రెండూ కరెంటును తేలిగ్గా పోనిస్తాయి. మీటరు రెంటికీ ఒకేలాంటి అంకె చూపుతుంది. ఆ తేడా తేల్చేది పాత బోరు తవ్వినప్పుడు ఏ మట్టి వచ్చిందో గుర్తున్న రైతు. ఆయనతో అరుగు మీద కూర్చుని ఓపికగా మాట్లాడలేనివాడు ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా సగం సమాచారంతోనే వెనక్కి వెళతాడు.

ప్రకంపన సర్వేదీ అదే కథ. సార్వా, దాళ్వా ఎప్పుడు కోతకొస్తాయో, చేలు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో తెలియకుండా గీసిన పనిపట్టిక కాగితం మీదే ఉంటుంది. తన పొలంలో గుంత ఎందుకు తవ్వుతున్నారో తెలుసుకునే హక్కు రైతుకుంది. దానికి తెలుగులో, తడుముకోకుండా జవాబు చెప్పడం ఉద్యోగంలో భాగమే.

తీరం సంగతి చూస్తే, గోదావరి సముద్రానికి మోసుకొచ్చే మట్టి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపారు. ఎగువ జలాశయాల్లో ఆగిన మట్టి దిగువ ఒడ్డుకు బాకీ. ఉప్పాడలో ఇళ్ళు కోతకు పోతూంటే, దక్షిణాన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెగా సాగింది. ఒకచోటి కోతను మరోచోటి మేటతో కలిపి చూడడానికి పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు, గణితం, కొంచెం ప్రోగ్రామింగు రావాలి. ఈ తరం విద్యార్థికి సుత్తి ఎంతో కంప్యూటరూ అంతే.

కట్టడాలకు కూడా ఈ శాస్త్రమే దన్ను. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టకు కాటన్ దొర రాతినేల కోసం వెతకలేదు. వదులు ఇసుక మీద పునాది నిలపడం కావేరి పాత ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. పోలవరంలో నది అడుగున ఇసుక ఎంతో లోతుగా ఉంది. ఊటను ఆపడానికి భూమిలోకి దించిన డయాఫ్రం గోడ వరదలకు దెబ్బతిని, 2025లో కొత్త గోడ పని మొదలుపెట్టవలసి వచ్చింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించిన సంగతి కూడా ఈ లోయలో కట్టేవారెవరూ మరవకూడదు.

ఈ ఉద్యోగాలకు దారి తెలిసినదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖ 1941లో మొదలైంది. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ దాన్ని తీర్చిదిద్దారు. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వేలోకి, కేంద్ర భూగర్భజల మండలిలోకి వెళ్ళవచ్చు. హైదరాబాదులో జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ, 1961 నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్నాయి. పరీక్షకు చదివించే కేంద్రాలకు కొదవ లేదు. కొదవల్లా క్షేత్రపర్యటన రోజులకే. క్వారీకి వెళ్ళి ఫొటో దిగి మధ్యాహ్నానికి తిరిగొచ్చే పర్యటనతో జియాలజిస్టు తయారు కాడు. కాకినాడ నుంచి గంటన్నర దూరంలో ప్రపంచం చూడడానికి వచ్చే లావా పొరలున్నాయి, వాటి దగ్గర వారం రోజులు గడిపే తరగతి ఒక్కటి ఉన్నా ఫలితం కనబడుతుంది.

చివరి సంగతి మాటల గురించి. లంక, మొగ, మేట, పర్ర, గరువు, దిబ్బ, ఉప్పుటేరు, కోత, ఒండ్రు. వీటిలో ప్రతి పదమూ ఒక భూరూపానికో నేలజాతికో నిర్దిష్టమైన పేరు. పడవవాళ్ళు, రైతులు, మత్స్యకారులు తరాలుగా చూసి పెట్టుకున్నవి. నివేదికల్లో వీటికి బదులు ఇంగ్లీషు మాటలు వచ్చి కూర్చున్నాయి, పాఠ్యపుస్తకాల్లో ఎవరూ పలకలేని సంస్కృత సమాసాలు వచ్చాయి. ఆ పేర్లన్నీ తెలిసిన తరం డెల్టా ఊళ్ళలో ఇంకా ఉంది. ఏ మాట ఏ ఊళ్ళో ఏ నేలకు వాడతారో పటం మీద గుర్తించి రాసిపెట్టే పనిని గోదావరి జిల్లాల కళాశాలల తెలుగు శాఖలు, భూగర్భశాస్త్ర శాఖలు కలిసి వచ్చే వేసవిలో, దాళ్వా కోతలు అయ్యాక మొదలుపెట్టాలి.