సేనాసంభారముల లెక్కలు



యుద్ధకథ యనఁగానే ఖడ్గములు, ఫిరంగులు తలఁపునకు వచ్చును. నేఁడు నేను జెప్పఁబోవునది లెక్కపుస్తకముల కథ.

అమెరికావారు 1775 మొదలు 1783 వఱకు ఆంగ్లేయులతో స్వాతంత్ర్యమునకై పోరిరి. 1777-78 శీతకాలమున వాషింగ్టను సేన వ్యాలీఫోర్జి యనుచోట విడిసి, కూడుగుడ్డలు చాలక, రోగములచే సుమారు 2,000 మందిని గోల్పోయెను. 1778 మార్చిలో కాంగ్రెసు సభ నథానియేలు గ్రీను అను సేనానిని సంభారాధికారిగా నియమించెను. గుడారములు, బండ్లు, గుఱ్ఱములు, గడ్డి సమకూర్చుట యతని పని. రణరంగమును విడిచి యీ పనికి వచ్చుట యతని కిష్టము లేకుండెను.

వ్యయమైన సొమ్ములో నూటికొక్కటి చొప్పున అతనికిని, సహాయకులగు కాక్సు, పెటిట్టులకును గలిపి ప్రతిఫల మేర్పఱచిరి. తగవున కిదియే మూలము. ఇల్లు గట్టు మేస్త్రికి ఖర్చులో వంతు కూలిగా నిచ్చినచో, ఇటుక వెల పెరిగినపుడెల్ల యజమాని యతని మొగము వంకఁ జూడక మానునా?

పైగా నాఁటిది కాగితపు సొమ్ము. అచ్చువేసిన కొలఁది దాని విలువ దిగజాఱెను. 1780 మార్చిలో, 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలరని సభయే యొప్పుకొనెను. గుఱ్ఱము గుఱ్ఱమే, పద్దులో దాని వెల మాత్రము ఏనుఁగు వెల యయ్యెను. లెక్క చూచువారికి అంకెలు గనఁబడును గాని సంతలోని బేరము గనఁబడదు. గ్రీను మితిమీఱి వ్యయపఱచెనని నిందలు పుట్టెను. అతఁడు 1780వ సంవత్సరముననే యా పదవిని విడిచెను. పిమ్మట వచ్చిన పికరింగునకు జీతమే యేర్పఱచిరి.

గ్రీను నడత యంతయు మచ్చలేనిదని నే ననను. 1779లో, ఆహారసంభారాధికారియగు వాడ్స్‌వర్తుతోఁ గూడి యొక వర్తకమున సొమ్ము పెట్టి, తన పేరు బయటపడనీయకుండెను. సర్కారు సొమ్ము వ్యయపఱచు నిద్దఱధికారులు చాటున వర్తకులగుట నాకు నచ్చిన సంగతి కాదు.

అయినను తరువాతి కథ వినుఁడు. యుద్ధాంతమున గ్రీను దక్షిణసేన కధిపతి. చార్లెస్టను ప్రాంతమున సైనికులకు వస్త్రము లేదు, గ్రాసము లేదు. సరఫరాకు పూనుకొన్న బ్యాంక్సు అను గుత్తదారునకు అప్పు పుట్టలేదు. గ్రీను తానే పూఁటపడెను. చాటున భాగస్థుఁడని వదంతి పుట్టెను. కాఁడని బ్యాంక్సు ప్రమాణపత్రము వ్రాసి యిచ్చెను. తుదకు బ్యాంక్సు దివాలా తీసి, 1784లో మరణించెను. ఋణదాతలు గ్రీనుపైఁ బడిరి. 1786లో గ్రీనును గతించెను. ఋణము భార్యాబిడ్డల నెత్తిపై మిగిలెను.

అతని భార్య కేథరీను, కాగితములు చేతఁబట్టుకొని కాంగ్రెసునకు విన్నవించుకొనెను. కోశాధికారి హామిల్టను ఆ లెక్కలను బరిశీలించి యామె పక్షమున నివేదిక యిచ్చెను. 1792వ సంవత్సరమున సభ 47,000 డాలర్లు మంజూరు చేసెను. అప్పటికి గ్రీను గతించి యాఱేండ్లు కావచ్చెను.