వాద్యము లేని వాదకుడు



హాస్యము చేయువాడు వేరు, సంగీతము తెలిసినవాడు వేరు అను అభిప్రాయము లోకమున చాలకాలమునుండి యున్నది. విదూషకుడు రంగమునకు వచ్చినప్పుడు మనము నవ్వుటకు సిద్ధపడుదుము గాని, వినుటకు సిద్ధపడము. ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకై నేనొక చిన్న దృశ్యమును మీ ముందు పెట్టదలచితిని. అది అమెరికా దేశమున 1961వ సంవత్సరములో వెలువడిన ‘ది ఎరండ్ బాయ్’ అను చలనచిత్రములోనిది. కొద్ది నిమిషములలో ముగిసిపోవును. అందు నటుడు ఒక్క మాటయు పలుకడు. అతని చేతిలో ఒక్క వాద్యమును ఉండదు. అయినను, స్వింగ్ అనబడు సంగీతము ఎట్టిదో తెలియగోరువారికి నేను మొదట చూపునది ఆ దృశ్యమే.

ఆ నటుని పేరు జెర్రీ లూయిస్. న్యూజెర్సీ రాష్ట్రములోని న్యూఆర్క్ నగరమున 1926వ సంవత్సరము మార్చి 16వ తేదీన జన్మించెను. తండ్రి వినోదశాలలలో పాడి ఆడి జీవించిన రంగజీవి; తల్లి పియానో వాయించునది. ఇట్టి యింట పెరిగిన బాలునకు తాళమును, చప్పట్లును, తల్లిదండ్రుల ప్రయాణములును చిన్ననాటనే పరిచితములైనవి. యౌవనారంభముననే అతడు తనకొక ప్రత్యేక ప్రదర్శనమును కల్పించుకొనెను. గ్రామఫోను ప్లేటు తిరుగుచుండును. పాడువాడు ప్లేటులో నుండును. రంగముపై జెర్రీ పెదవులు మాత్రము కదలించుచు, ఆ గాయకుడు తానే యన్నట్లు హావభావములు చూపుచుండును.

ఇది తేలికపని యని తోచవచ్చును. కాని, ప్లేటు ఎవరికొరకును ఆగదు. బ్రతికియున్న గాయకుడు రంగముపై తోడివాడు తడబడినచో ఒక క్షణము నిలిచి సర్దుకొనును. ప్లేటునకు ఆ దయ లేదు. ఊపిరి ఎచ్చట పీల్చబడినదో, పదము ఎచ్చట లాగబడినదో, ఎచ్చట తునిగినదో అంతయు ముందుగా కంఠస్థమై యుండవలెను. కంఠస్థమే గాక శరీరస్థమై యుండవలెను. లూయిస్ చదివిన సంగీత పాఠశాల ఇదియే.

1946వ సంవత్సరములో అతడు గాయకుడగు డీన్ మార్టిన్‌తో జతకూడెను. ఒకడు పాడును, ఒకడు ఆ పాటను చెడగొట్టును. ఇదియే వారి వినోదము. 1950 మొదలు 1955 వరకు ‘కోల్గేట్ కామెడీ అవర్’ అను టెలివిజన్ కార్యక్రమమున వీరిద్దరును అమెరికా దేశమునకు సుపరిచితులైరి. ఆ కాలపు టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారము. జరిగినది జరిగినట్లే లక్షలాది గృహములకు చేరును. దిద్దుబాటునకు తావు లేదు. డిక్ స్టేబిల్ అను సాక్సఫోను విద్వాంసుడు వారి వాద్యబృందమునకు నాయకుడు. లూయిస్ మధ్యమధ్య ఆ నాయకుని బెత్తము తాను పుచ్చుకొని బృందమును నడుపుచున్నట్లు కోతిచేష్టలు చేయుచుండెను. పాటను చెడగొట్టుటకైనను పాట తెలియవలెను గదా! ఎచ్చట అడ్డుపడిన నవ్వు వచ్చునో, ఎచ్చట అడ్డుపడిన విసుగు వచ్చునో నిర్ణయించునది చెవియే. 1956లో ఆ జంట విడిపోయెను. తరువాత లూయిస్ తన చిత్రములకు తానే దర్శకత్వము వహింప మొదలిడెను. ‘ది ఎరండ్ బాయ్’ అట్టివానిలో నొకటి.

ఇక సంగీతము మాట. 1930వ సంవత్సరము తరువాత పదునైదేండ్ల కాలము అమెరికాలోని నృత్యశాలలను ఏలిన సంగీతమునకు స్వింగ్ అని పేరు. స్వింగ్ అనగా ఊగుట. దీనిని వాయించు బృందమునందు సాధారణముగా నాలుగు వర్గములుండును: ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోనులు మూడు, సాక్సఫోనులు ఐదు, వీనికి క్రింద పునాదివలె పియానో, గిటారు, పెద్ద బాస్ ఫిడేలు, డ్రమ్ములు. లెక్క చూచినచో పదునారుగురు. ఒక వర్గము ప్రశ్నించినట్లు వాయించును; వేరొక వర్గము బదులు చెప్పినట్లు వాయించును. చిన్న స్వరఖండమును మరల మరల వల్లించి క్రమక్రమముగా ఉద్రేకము పెంచుదురు. తాళము నాలుగు దెబ్బలది. కాని ఒక్కొక్క దెబ్బను సరిసమానముగా రెండు ముక్కలు చేయరు. మొదటి ముక్క పొడుగు, రెండవది పొట్టి. మన పరిభాషలో చెప్పవలెనన్నచో, చతురశ్ర తాళమున తిశ్రపు నడక ఛాయ కనిపించును. ఆ ఒడుదుడుకులోనే ఊపు పుట్టును.

ఈ విద్యయందు కౌంట్ బేసీ అను పియానో విద్వాంసుడు అగ్రగణ్యుడు. 1904లో జన్మించి, 1935లో కాన్సాస్ సిటీ నగరమున తన బృందమును నెలకొల్పెను. పెద్ద బృందములకు గడ్డుకాలము వచ్చుటచే 1950లో దానిని చాలించి చిన్నబృందముతో గడిపి, 1952లో మరల పెద్ద బృందమును కూర్చుకొనెను. బేసీ గొప్పతనము స్వల్పవ్యయములో నున్నది. అతడు పియానోపై పది స్వరములు పలికింపగల చోట రెండే పలికించి, తక్కినది మౌనమునకు విడిచిపెట్టును. ఆ మౌనమునందు గిటారు, బాస్, డ్రమ్ములు నడచుచున్న నడక వినబడును. 1937 మొదలు 1987లో తాను మరణించువరకు ఫ్రెడ్డీ గ్రీన్ అను గిటారు విద్వాంసుడు ఆ నడకను నిలబెట్టినవాడు. బేసీ 1984లో గతించెను.

ఈ బృందములోని ఫ్రాంక్ ఫాస్టర్ అను సాక్సఫోను వాదకుడు ‘బ్లూస్ ఇన్ హాసెస్ ఫ్లాట్’ అను రచన చేసెను. 1959లో వెలువడిన ‘చైర్మన్ ఆఫ్ ది బోర్డ్’ అను దీర్ఘవాద్య ప్లేటులో అది యున్నది. బ్లూస్ అనగా పండ్రెండు ఖండముల ఆవర్తము. ఖండమునకు నాలుగు దెబ్బలు, మొత్తము నలుబదియెనిమిది. ఈ రచన వేగము మితమైనది, నడక నిబ్బరమైనది. వాదకులు బాకాల మూతిపై రబ్బరు మూత ఆనించి, తీయుచు మూయుచు వాయింతురు. అప్పుడు ఆ ధ్వని అచ్చముగా మనిషి మాటవలె నుండును. అర్థము తెలియని భాషలో ఎవరో గట్టిగా వాదించుచున్నట్లుండును.

ఇప్పుడు దృశ్యమునకు వత్తము. లూయిస్ పాత్ర పేరు మార్టీ టాష్‌మన్. ఒక చలనచిత్ర కంపెనీలో కాగితములు మోసికొని తిరుగు చిరుద్యోగి. ఒకనాడు అధిపతులు సమావేశమగు గదిలోనికి వచ్చును. పొడుగైన బల్ల, వరుసగా కుర్చీలు, ఒక్కరును లేరు. మార్టీ పోయి అధ్యక్షుని కుర్చీలో కూర్చుండి, చుట్ట చేతబట్టును. వాద్యబృందము ధ్వని ప్రారంభమగును. ఆ ధ్వనియే అతని ఉపన్యాసము! ఎదుట లేని సభ్యులనుద్దేశించి అతడు మాటాడుచున్నట్లు నోరు కదలును. వెలువడునది మాత్రము బాకా స్వరము. మూతబెట్టిన బాకా గొణిగినచో అతడు గొణుగును. ఇత్తడి వాద్యములన్నియు ఒక్కపెట్టున విరుచుకుపడినచో అతడు గర్జించును. సంగీతము తగ్గినచో అతడు బుజ్జగించును. వ్రేలు చూపి బెదిరించును, చుట్టతో గాలిలో గీతలు గీయును, ఎవరినో నిరసించును, తనలో తాను మురిసికొనును.

మనము నవ్వుదుము. ఎందుకు నవ్వుదుము? అధికారి పలుకులు అర్థశూన్యములని తేలినందున గొంత నవ్వు. మాట తీసివేసి స్వరము మాత్రము మిగిల్చినను అధికారము పోలిక చెడలేదే యని కొంత నవ్వు. ఇది దృశ్యములోని పరిహాసము. కాని అంతకంటె లోతుగా వేరొక కారణమున్నది. ఆ శరీరమునకును ఆ ధ్వనికిని నడుమ వెంట్రుకవాసి యెడము లేదు. బాకా పలికిన తరువాత అతడు కదలినచో అది అనుకరణము మాత్రమే యగును. అతడు బాకాతో కలిసియే కదలును. అనగా, రాబోవు స్వరమునకు ముందే అతని ఊపిరి సిద్ధమై యున్నదన్నమాట. వాదకుడు చేయునదియు నిదియే గదా!

రెండవ విశేషము, ఎన్నిక. పదునారు వాద్యములు మ్రోగుచుండగా అన్నింటిని ఒక్క శరీరము చూపజాలదు. ఏ క్షణమున దేనిని చూపవలెను? ఒకప్పుడు బాకాను నోటితో చూపును. మరొకప్పుడు డ్రమ్ము దెబ్బను మెడవిరుపుతోనో భుజముతోనో చూపును. ఈ ఎన్నిక బృంద రచనను లోలోపల విడదీసి విన్నవానికే సాధ్యము. మూడవది మౌనము. బేసీ విడిచిన ఖాళీలను లూయిస్ నింపడు. అచ్చట అతడును ఆగును. చూపు మాత్రము నిలుపును. అల్పుడగు హాస్యగాడు ఖాళీని చూచి భయపడి ఏదో చేష్ట చేయును. ఇతడు ఆ ఖాళీని స్వరముగా నెంచెను.

మనవారికి ఇది బొత్తిగా క్రొత్త కాదు. కూచిపూడి భాగవతులు పదమునకు అభినయము పట్టునప్పుడు పాట వెనుకనుండి వచ్చును, భావము ముఖమున పలుకును. చూచువానికి పాటయు ముఖమును వేరుగా తోచవు. అచ్చట సాహిత్యమున్నది, శృంగారమున్నది. ఇచ్చట సాహిత్యము లేదు, హాస్యమున్నది. రెండింటికిని ఆధారము చెవియే.

ఇట్టి పని అతడు ఈ ఒక్కసారియే చేసినవాడు కాడు. 1960 నాటి ‘సిండర్‌ఫెల్లా’ చిత్రములోని విందు ఘట్టమున బేసీ బృందము స్వయముగా తెరపై కనిపించును. ఆ సంగీతముతో లూయిస్ సభలో అడుగిడును. 1963 నాటి మరియొక చిత్రమున, లెరాయ్ ఆండర్సన్ 1950లో రచించిన ‘ది టైపురైటర్’ అను వాద్యరచనకు, లేని టైపురైటరును బల్లపై నున్నట్లు చూపి వ్రేళ్ళతో కొట్టును. వరుస ముగిసినప్పుడు గంట మ్రోగును. చేయి బండిని వెనుకకు నెట్టును. యంత్రము లేదు, కాగితము లేదు, తాళము మాత్రము పదిలము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. వాయించినవారు ఒకరు, మెప్పు పొందినవాడు వేరొకడు, ఇది న్యాయమా? ఈ ప్రశ్నను దాటవేయుట నాకు సమ్మతము కాదు. బేసీ బృందమువారు నల్లజాతివారు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో వారికి మంచి హోటళ్ళలో బస దొరకని రోజులవి; అట్టి భేదమును నిషేధించిన చట్టము 1964లో గాని రాలేదు. ‘ది ఎరండ్ బాయ్’ దృశ్యమునందు వారి ధ్వని యున్నది, వారి ముఖములు లేవు. తెరనిండ నున్నది ఒక తెల్లవాని ముఖము. ఈ విషయము మరచి కేవలము నవ్వి లేచిపోయినచో మనము ఋణము ఎగవేసినవారమగుదుము.

కాని ఆ ఋణము తీర్చు మార్గమును ఆ దృశ్యమే చూపుచున్నదని నా అభిప్రాయము. పరుల సొమ్ము దాచుకొనువాడు దాని గుర్తులు చెరపివేయును. లూయిస్ ఏ గుర్తును చెరపలేదు. వాద్యముపై మాట పలుకలేదు. నవ్వు కొరకు ఒక్క స్వరమును కత్తిరించి వికృతము చేయలేదు. అతని ప్రతి కదలికయు, ఇదిగో ఈ బాకాను వినుడు, ఇదిగో ఈ డ్రమ్మును వినుడు అని వ్రేలితో చూపుచున్నట్లే యున్నది. స్వింగ్ అననేమో యెరుగనివాడు సైతము ఆ దృశ్యము చూచిన పిమ్మట, బాకాలును సాక్సఫోనులును సంభాషించుకొనుచున్నవని గ్రహింపగలడు. అయితే చూచినవాడు అక్కడ ఆగక, ఆ వాదకులెవరని విచారించుట ధర్మము. హాస్యగాడు తలుపు తెరచును. లోపలికి పోవలసినది మనము.

కావున జెర్రీ లూయిస్‌ను వాద్యవిద్వాంసుల వరుసలో నిలుపవలెనని నేను కోరను. అతడు ఆ రచన చేయలేదు, దానిని వాయింపలేదు. కాని వినుట యనునది ఒక విద్య; అది సంగీతమునందు సగపాలు. ఆ సగపాలు అతనికి సంపూర్ణముగా నుండెను. అతని పరిహాసమును గూర్చి విమర్శకులు బహువిధములుగా వాదించిరి. కొందరు అతి యనిరి. ఫ్రాన్సు దేశమువారు గొప్ప కళాకారుడని 2006లో తమ ఉన్నత గౌరవ పతకము నిచ్చిరి. 2017వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, 91వ ఏట అతడు మరణించెను. ఆ వాదము ఎట్లు తేలినను, ఆ ఖాళీ గదిలోని కొద్ది నిమిషములకు లోటు రాదు.

అవకాశము కలిగినచో ఆ దృశ్యమును మీరు రెండుసార్లు అనుభవింపవలెనని నా మనవి. మొదట కన్నులు తెరచి చూచి, మనసార నవ్వుడు. పిమ్మట కన్నులు మూసికొని వినుడు. ఆ ముఖము మాయమగును. ఆ పదునారుగురు వచ్చి మీ ముందు కూర్చుందురు.