ఆట, అంగడి, పూచీ

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

“క్రీడారంగంలో వ్యాపార ప్రచారం” అనే విషయంపై మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘంవారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను, పేరుపొందిన క్రీడాకారుణ్ణీ కాను. ఈ సోలాపురంలో ముప్పై ఏళ్ళకు పైగా ఆటల దుస్తులు కుట్టించి, వాటిమీద పేర్లు అచ్చు వేయించి అమ్ముకున్న చిన్న వ్యాపారిని. ఆటగాడి చొక్కామీద ఏ చోటుకు ఎంత వెల పలుకుతుందో మాత్రం నాకు తెలుసు. వీపుకొక వెల, భుజానికొక వెల. రొమ్ముకున్న వెల మరి దేనికీ లేదు.

ఈ విషయాన్నే వారు ఎందుకు ఎంచుకున్నారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన పాఠశాల కబడ్డీ జట్లకు చాపలు, బూట్లు, దుస్తులు సమకూర్చి, ఆటస్థలాన్ని బాగుచేయిస్తామని ఒక సంస్థ ముందుకు వచ్చింది. అందుకు ప్రతిగా పిల్లల చొక్కాలమీద, పాఠశాల ముఖద్వారంమీద తన పేరు ఉండాలని కోరింది. సంఘంలో అభిప్రాయభేదాలు వచ్చాయి. రేపటి సమావేశంలో నిర్ణయం జరగవలసి ఉంది. నా మాటలు ఆ నిర్ణయానికి కొంతైనా ఉపకరిస్తే ధన్యుణ్ణి.

మన ఇళ్ళనుంచే ఆరంభిస్తాను. తెలంగాణ పల్లెలనుంచి మగ్గాలను నమ్ముకొని మన పూర్వికులు ఈ ఊరు చేరారు. ఇక్కడి చద్దరుకు దేశమంతటా పేరు తెచ్చారు. చద్దరు అంచున నేసినవారి గుర్తును నేతలోనే కలిపేవారు. ఆ గుర్తుకు అర్థమేమిటి? “ఇది నేను నేసినది. రంగు వెలిస్తే, పోగు తెగితే నన్ను అడుగు” అని. అంటే అది పూచీ. వ్యాపార ప్రచారం ఎంత పెరిగినా, ఎన్ని రూపాలు దాల్చినా దాని మూలం ఇదే. ఒకరి మాటను నమ్మి మరొకరు సొమ్ము ఇవ్వడం. క్రీడారంగంలో వచ్చిన మార్పల్లా ఒక్కటే. వస్తువును చేసినవాడు ఒకడు, దానికి పూచీ పడేవాడు మరొకడు అయ్యాడు.

ఈ మార్పు మన దేశంలో మన తెలుగువారితోనే మొదలైందంటే ఆశ్చర్యం కలుగుతుంది. కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడుగారు, ఈ మహారాష్ట్రలోనే నాగపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి జనాన్ని ఉర్రూతలూగించారు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించారు. అటువంటి నాయుడుగారు 1941లో బాత్‌గేట్ వారి లివర్ టానిక్కుకు ప్రచారం చేశారు. ఒక వ్యాపార వస్తువుకు తన పేరునిచ్చిన తొలి భారత క్రికెట్ క్రీడాకారుడిగా ఆయన్నే పేర్కొంటారు. ఆ సీసాలో ఏమున్నదో కొన్నవారికి తెలియకపోవచ్చు. బంతిని బొంబాయి కప్పులమీదికి కొట్టిన మనిషి వారికి తెలుసు. మందుకు పూచీ పడింది వైద్యుడు కాదు, ఆయన బ్యాటు.

ఆ తరువాత అంగడి పెరిగింది. 1990ల తొలినాళ్ళలో క్రికెట్ పోటీలను చూపించడానికి బోర్డే దూరదర్శనుకు ఎదురు సొమ్ము చెల్లించేదంటే ఈనాటి పిల్లలు నమ్మరు. 1993లో ఇంగ్లండు జట్టు పర్యటన ప్రసార హక్కులను బోర్డు ఒక విదేశీ సంస్థకు విక్రయించింది. ఆ ఏటి హీరో కప్పు పోటీల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. అక్కడినుంచి ఆట చూపించే హక్కే ఆటకు ప్రధాన ఆదాయమైంది. ఇండియన్ ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులు 2017లో ఐదేళ్ళకు 16,347 కోట్ల రూపాయలకు పైగా పలికాయి. 2022లో, 2023 నుంచి 2027 వరకు, 48,390 కోట్లు పలికాయి.

ఇంత సొమ్ము ఎందుకు పోస్తారు? సినిమాను రేపు చూడవచ్చు, ఆటను ఇప్పుడే చూడాలి. ఫలితం ఎవరికీ ముందుగా తెలియదు. తాత, తండ్రి, మనుమడు ఒకేచోట కూర్చుని రెప్పవాల్చకుండా చూస్తారు. అంతటి ఏకాగ్రత వ్యాపారికి మరెక్కడా దొరకదు. పైగా క్రికెట్‌లో ఆరు బంతులకొకసారి ఆట ఆగుతుంది. ఆ విరామమే వ్యాపారి అంగడి తెరిచే వేళ. హాకీలో, కబడ్డీలో అన్ని విరామాలు లేవు. చాలాకాలం ఆ ఆటలవైపు వ్యాపారి కన్నెత్తి చూడకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. హాకీలో రెండు భాగాలుగా సాగే ఆటను 2014లో పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. ఆటగాళ్ళకు విశ్రాంతి దొరికింది, ప్రకటనకూ చోటు దొరికింది.

ప్రచారం ఆటకు చేసిన మేలును కాదనడం కృతఘ్నత. మన చెడుగుడునే చూడండి. మట్టిలో, లంగోటీలతో, ఊరి జాతరలో ఆడుకునే ఆట అది. 2014 జులైలో ఎనిమిది జట్లతో ప్రో కబడ్డీ లీగ్ ఆరంభమయింది. మట్టికి బదులు చాప పరిచారు. కూతకు వెళ్ళినవాడికి ముప్పై సెకన్ల గడువు పెట్టి, ఆ గడియారాన్ని తెరమీద చూపించారు. దీపాల వెలుగులో, వ్యాఖ్యానంతో ఇంటింటికీ చేర్చారు. పల్లెటూరి కుర్రవాడు కబడ్డీ ఆడి జీవనం సాగించగలడన్న ధైర్యం అప్పుడు వచ్చింది. తెలుగు టైటాన్స్ ఆటను మన వీధిలో పిల్లలు ఎంత ఆసక్తిగా చూస్తారో మీరెరుగుదురు. అంగడి లేకుండా ఇది జరిగేది కాదు.

అయితే పూచీ మాట ఏమిటి? భారత క్రికెట్ జట్టు చొక్కా రొమ్ముమీది పేర్లను వరుసగా చదవండి. 1990లలో అక్కడ ఒక సిగరెట్టు పేరుండేది. 1996లో ప్రపంచకప్పుకే ఆ పేరు పెట్టారు. 2001లో ఆ సంస్థ తప్పుకొంది. 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను, ప్రాయోజకత్వాన్ని నిషేధించింది. తరువాత సహారా వచ్చింది, స్టార్ ఇండియా వచ్చింది, ఒప్పో వచ్చింది. 2019లో చదువు చెప్పే బైజూస్ వచ్చింది. బకాయిలకోసం బోర్డే దానిపై దివాళా వ్యాజ్యం వేయవలసి వచ్చింది. 2023లో డ్రీమ్ 11 వచ్చింది. 2025 ఆగస్టులో సొమ్ము పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను చట్టం నిషేధించగానే ఆ పేరూ చొక్కామీదినుంచి దిగిపోయింది. మరుసటి నెలలో అపోలో టైర్స్ ఆ చోటును పొందింది. పేర్లు మారాయి, చొక్కా మారలేదు. ఆ చొక్కాను చూసి ఆ పేర్లను నమ్మిన పిల్లవాడికి పూచీ ఎవరు?

నా స్వానుభవం ఒకటి మనవి చేస్తాను. నేను ఈ పాఠశాల కబడ్డీ జట్టులో ఆడిన రోజులలో మాకు ఒకే రంగు బనియన్లు ఉండేవి కావు. ఊరిలో ఒక బీడీ వ్యాపారి పన్నెండు బనియన్లు దానం చేశాడు. రొమ్ముమీద ఆయన బీడీ మార్కు పెద్ద అక్షరాలలో ఉంది. కొత్త బనియను తొడుక్కొని సంబరంగా ఇంటికి పరుగెత్తాను. మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, గడపలో కూర్చుని చాటలో ఆకు, పొగాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. చేయి ఆపి ఆ మార్కువంక చూసింది. “ఇవి చుట్టిచుట్టి నాకు దగ్గు పట్టె. గా పేరు నీ రొమ్ముమీద ఎందుకురా కొడుకా?” అన్నది. కోప్పడలేదు. విప్పమనీ అనలేదు. ఆ రాత్రి పాత చద్దరు ముక్క కత్తిరించి మార్కుమీద కుట్టింది. మరునాడు మా హెడ్‌మాస్టరుగారు ఆ మాసికను చూసి కారణం అడిగారు. చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తక్కిన పదకొండు బనియన్లనూ తిప్పి తొడుక్కోమన్నారు. కుట్లు పైకి కనబడుతూ మేము ఆ పోటీ ఆడాం, ఓడిపోయాం కూడా. కాని ఆ ఓటమికి నేనెన్నడూ చింతించలేదు.

అక్షరం చదవడం రాని మా అవ్వ చెప్పిన మాటనే లోకానికి చాటిన క్రీడాకారుడు మన తెలుగువారిలో ఉన్నారు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యారు. 1980లో ప్రకాశ్ పదుకొనే తరువాత ఆ ఘనత సాధించిన రెండవ భారతీయుడాయన. కోకా-కోలా ప్రకటనలో కనిపించమని వచ్చిన పిలుపును ఆయన కాదన్నారు. తాను తాగని దానిని ఇతరులను తాగమనడం తగదన్నది ఆయన నియమం. ఆయన అప్పటికి సంపన్నుడు కాదు. తరువాత శిక్షణాలయం కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చిన మనిషి. పూచీకి విలువ కట్టడం ఆయనకు తెలుసు. అందుకే దానిని చౌకగా అమ్మలేదు.

ఇక పూచీని తిరగవేసిన ఉదాహరణ కూడా ఒకటున్నది. మన తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఒడిశా రాష్ట్రం 2018లో భారత హాకీ జట్లకు ప్రాయోజకత్వం వహించింది. చొక్కామీద సబ్బు పేరు, పానీయం పేరు కాక ఒక రాష్ట్రం పేరు వచ్చింది. భువనేశ్వరంలో 2018 ప్రపంచకప్పు జరిగింది. 2023లో భువనేశ్వరంతోపాటు రూర్కెలాలో కొత్తగా కట్టిన బిర్సా ముండా మైదానంలోనూ జరిగింది. నడుమ 2021లో టోక్యోలో మన పురుషుల జట్టు నలభై ఒక్క సంవత్సరాల తరువాత ఒలింపిక్ పతకం తెచ్చింది. ఇక్కడ ఆటగాడు వస్తువుకు పూచీ పడలేదు. ప్రాయోజకుడే ఆటకు పూచీ పడ్డాడు. రాష్ట్రానికి కీర్తి దక్కలేదా? దక్కింది. అయితే ముందు మైదానం, తరువాతనే పేరు.

కాబట్టి సంఘంవారికి నా విన్నపాలు మూడు. వచ్చిన సాయాన్ని కాలదన్నవద్దు. మన ఆడపిల్లలు ఈనాటికీ గచ్చునేలమీద మోకాళ్ళు చీరుకొని ఆడుతున్నారు, చాపలు కావలసిందే. మొదటిది, ఆ సంస్థ అమ్మే వస్తువును మన ఇంట మన బిడ్డ చేతికి నిశ్చింతగా ఇస్తామా అని ప్రతి సభ్యుడూ తన్ను తాను ప్రశ్నించుకోవాలి. రెండవది, వారి పేరును చాపమీద, ఆటస్థలం గోడమీద కృతజ్ఞతతో రాయిద్దాం. పిల్లల రొమ్ముమీద, ముఖద్వారంమీద మాత్రం పాఠశాల పేరే ఉండాలి. పెద్ద ఆటగాడు తన పేరును తెలిసి ఇస్తాడు, వద్దనుకుంటే కాదంటాడు. పన్నెండేళ్ళ పిల్లకు ఆ ఎంపిక లేదు. ఆమె తరఫున పూచీ పడవలసినది మనమే. మూడవది, ఒక్క జూబిలీ సంవత్సరానికి కాక కనీసం ఐదేళ్ళకు ఒప్పందం రాసుకొని, జమాఖర్చులను నోటీసు బోర్డుమీద ఏటేటా అంటించాలి.

ఈ షరతులకు వారు సమ్మతిస్తే సంతోషం. సమ్మతించకపోతే దుస్తుల బాధ్యత నాకు వదలండి. మన పూర్వ విద్యార్థులలో నేసేవారున్నారు, కుట్టేవారున్నారు. చాపలకు చందా వేసుకుందాం. డెబ్బై అయిదేళ్ళ క్రితం మన పెద్దలు మగ్గంమీద సంపాదించిన అణాలు పోగుచేసి ఈ గోడలు లేపారు. ఆ గోడలమీద వారు తమ పేర్లు రాసుకోలేదు. పాఠశాల పేరు మాత్రం తెలుగులో చెక్కించారు.